పాత ఇంజనుకు కొత్త పరుగు

సైకిలు పెడళ్ళు నిట్టనిలువుగా వచ్చిన క్షణంలో ఎంత గట్టిగా తొక్కినా ఫలితముండదు. ముందటి ఊపే ఆ క్షణాన్ని దాటిస్తుంది. అదే ఇరుసును ఆరుగురు వంతులవారీగా తోస్తుంటే? ఎప్పుడూ ఎవరో ఒకరి బలం అందుతూనే ఉంటుంది. ఆరు సిలిండర్లు ఒకే వరుసలో ఉన్న మోటారు ఇంజనులో జరిగేది ఇంచుమించు ఇదే.

ఇంజను రెండు చుట్లు తిరిగేసరికి ప్రతి సిలిండరులోనూ ఒక్కసారి పెట్రోలు మండుతుంది. రెండు చుట్లంటే 720 డిగ్రీలు. ఆరుతో భాగించండి, 120 వస్తుంది. మండిన వాయువులు పిస్టనును తోసేది దాదాపు 180 డిగ్రీల మేర. అంటే ఒక తోపు ముగియకముందే మరొకటి మొదలవుతుంది! పిస్టన్ల ఊపులు కూడా ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. అందుకే ఈ ఇంజనులో వణుకు చాలా తక్కువ. పొడవెక్కువ కావడమే దీని లోపం.

అమెరికాలో షెవ్రొలే కంపెనీ 1929 మోడలు చవక కార్లలో ఇలాంటి ఇంజను పెట్టింది. దాని బలం 46 అశ్వశక్తులే. 1930లలో కాలిఫోర్నియా యువకులు పాత కార్లు కొని, అక్కరలేని రేకులు ఊడదీసి, ఇంజనుకు మెరుగులు దిద్ది, ఎండిన సరస్సుల నేలపై పరుగెత్తించేవారు. అలాంటి కార్లకే తరువాత 'హాట్ రాడ్' అని పేరు వచ్చింది. ఎక్కువమంది ఫోర్డు వారి ఎనిమిది సిలిండర్ల ఇంజనును కోరుకున్నారు. కొందరు మాత్రం ఆరింటినే నమ్ముకున్నారు.

ఇంజనుకు బలం దేనివల్ల వస్తుందని అడిగితే మా తరగతిలో అందరూ "పెట్రోలు" అంటారు. కాని ఒక గ్రాము పెట్రోలు మండటానికి సుమారు 15 గ్రాముల గాలి కావాలి. పాత షెవ్రొలేలో ఆరు సిలిండర్లకూ కార్బురేటరు ఒక్కటే, గాలి దూరే ద్వారాలు మూడే. ఇద్దరికి ఒకే ముక్కు అన్నమాట! అందుకే హాట్ రాడ్ కట్టేవారు రెండు మూడు కార్బురేటర్లు బిగిస్తారు. 1953లో కంపెనీయే తన కార్వెట్ కారుకు మూడు పెట్టింది. మామూలు కారులో 115 అశ్వశక్తులిచ్చే 3.9 లీటర్ల ఇంజను, మరికొన్ని మార్పులు కూడా తోడై, 150 ఇచ్చింది.

అంతకు ముందటి ఇంజన్లకు గాలి ఒక్కటే పెంచితే ముప్పు. వాటిలో పిస్టను కడ్డీల అడుగున చిన్న గరిటెలవంటివి ఉండి, తిరుగుతూ ఆయిలును అందుకునేవి. నెమ్మదిగా నడిచే కారుకు అది చాలు. వేగం మితిమీరితే ఆయిలు చాలదు. బేరింగులోని మెత్తని లోహం కరుగుతుంది, కడ్డీ విరిగి ఇంజను గోడనే బద్దలు కొట్టవచ్చు. 1953లో కొన్ని కార్లకూ, 1954లో అన్ని కార్లకూ పంపు ఒత్తిడితో ఆ బేరింగులకు ఆయిలు అందించే ఏర్పాటు వచ్చింది. పాత ఇంజను కొనేటప్పుడు తెలిసినవారు ముందుగా చూసేది అది తయారైన సంవత్సరాన్నే.