చెప్పిన శక్తి, ఇచ్చిన శక్తి

ధాన్యపు కాటా సంగతి రైతు సోదరులకు వేరుగా చెప్పనక్కరలేదు. కొనుగోలు కేంద్రమునకు వచ్చిన వడ్లలో తేమ నూటికి 17 పాళ్లకు మించినచో మరల ఆరబెట్టుకొని రావలయును. మిల్లరు 100 కిలోల వడ్లకు 67 కిలోల పచ్చి బియ్యము అప్పగింపవలయును. ఎవరి నోటిమాటను నమ్మియు సొమ్ము చెల్లించు వాడుక లేదు. మన పొలములకు నీరు తోడు విద్యుచ్ఛక్తికిని ఇట్టి కాటా యొకటి గలదు. అది మన కంటికి కానరాదు గాని, అందు తప్పు జరిగినచో నష్టము మనవంతునకే వచ్చును.

ఖమ్మము సీమకును భద్రాచలపు అడవులకును నడుమ బొగ్గుతో నడచు పెద్ద విద్యుత్కేంద్రములు రెండున్నవి. పాల్వంచలోని కొత్తగూడెము కేంద్రమున 720 మెగావాట్ల పాత యంత్రములు 2020 మార్చి 31 నాటికి మూతబడినవి. నేడచట 250 మెగావాట్ల యంత్రములు రెండును, 500 మెగావాట్లది యొకటియు, 2018 డిసెంబరులో వాడుకకు వచ్చిన 800 మెగావాట్లది యొకటియు నున్నవి. మణుగూరు చెంతనున్న భద్రాద్రి కేంద్రమున 270 మెగావాట్ల యంత్రములు నాలుగు 2020 జూన్ మొదలు 2022 జనవరి లోపల ఒక్కొక్కటిగా పని నారంభించినవి. ఈ రెండు కేంద్రములును రాష్ట్ర విద్యుదుత్పాదన సంస్థకు చెందినవి. వీని శక్తిని పంపిణీ సంస్థలు దీర్ఘకాలపు ఒప్పందములపై కొనుచున్నవి.

ఈ కొనుగోలులో చెల్లింపు రెండు భాగములు. ట్రాక్టరును పంటకాలమంతటికి బాడుగకు మాట్లాడుకొని, నడపిన గంటలకు డీజిలు వేరుగా పోయించుటవంటి దిది. కేంద్రమును కట్టిన అప్పు, వడ్డీ, సిబ్బంది జీతములు మున్నగువానికి స్థిర చార్జీ. కాల్చిన బొగ్గునకు ఇంధన చార్జీ. యంత్రము తిరిగినను తిరుగకున్నను, సిద్ధముగానున్నంత మేరకు స్థిర చార్జీ చెల్లవలసినదే. కేంద్ర నియమములను బట్టి సంవత్సరములో నూటికి 85 పాళ్లు సిద్ధముగానున్న బొగ్గు కేంద్రమునకు ఆ చార్జీ పూర్తిగా ముట్టును.

అసలు చిక్కు ఇచ్చటనే యున్నది. దినమును 15 నిమిషముల చొప్పున 96 భాగములు చేసి, ఏ భాగమున ఎంత శక్తి నీయగలదో ఉత్పత్తి కేంద్రము ముందుగా తెలుపును. వానలు కురిసి పంపుసెట్లు ఆగిన దినమున అంత శక్తి యవసరముండదు. లోడ్ డిస్పాచ్ కేంద్రమువారు ఉత్పత్తిని తగ్గించుకొమ్మని చెప్పుదురు. అయినను స్థిర చార్జీ తగ్గదు. అట్టి దినమున లేని సిద్ధతను ఉన్నదని చెప్పినచో కనిపెట్టుట కష్టము. చక్రము విరిగిన ట్రాక్టరు సంగతి పిలిచిన నాడు గదా బయటపడును! కావున మూడు పరీక్షలు ఏర్పడినవి.

మొదటిది ఆరంభ పరీక్ష. క్రొత్త యంత్రము తన పూర్తి శక్తితో 72 గంటలు ఎడతెగక నడచి చూపవలయును. కొనువారికి ముందుగా నోటీసు నీయవలయును. నాలుగు గంటలకు మించి ఆగినచో పరీక్ష మరల మొదటికి వచ్చును. చెప్పినంత శక్తి రానియెడల మరల పరీక్షకు నిలువవలయును, లేక యంత్రపు సామర్థ్యమును తగ్గించి వ్రాసికొనవలయును.

రెండవది పిలుపు పరీక్ష. నీవు చెప్పిన శక్తిని ఇప్పుడు చూపుమని డిస్పాచ్ కేంద్రము కోరవచ్చును. చూపలేనియెడల తప్పుడు ప్రకటనగా నెంచి, 2010 నాటి కేంద్ర గ్రిడ్ నియమావళి మొదటిసారికి రెండు దినముల స్థిర చార్జీని, రెండవసారికి నాలుగు దినములది, ఆపై రెట్టింపు చొప్పున జరిమానా విధించినది. యంత్రము చెడుట నేరము కాదు. చెడినదానిని బాగున్నదనుటయే నేరము. 2024 జూన్ నెలాఖరున భద్రాద్రి కేంద్రపు మొదటి యంత్రపు ట్రాన్స్‌ఫార్మరు పిడుగుపాటున కాలినది. అట్టి లోటు సంవత్సరపు లెక్కలో ఉన్నదున్నట్లు కనబడవలయును.

మూడవది మీటరు. యంత్రము పుట్టించిన శక్తియంతయు బయటికి రాదు. బొగ్గు పొడిచేయు మిల్లులు, నీటి పంపులు, పెద్ద ఫ్యానులు కొంత తినును. నూటికి 8½ పాళ్లు అట్లు ఖర్చయినచో 270 మెగావాట్లలో తీగ నెక్కునది 247 మాత్రమే. కావున కొలత కేంద్రపు గడప దాటినచోట జరుగవలయును. అచట ముఖ్యమైన మీటరుతోపాటు సరిచూచు మీటరు గూడ నుండును. సీలు వేయునప్పుడును, పరీక్షించునప్పుడును ఉభయపక్షములవారు నుండవలయును.

వ్యవసాయమునకు విద్యుత్తు ఉచితము గదా, మనకీ గొడవ యేలయని కొందరందురు. ఉచితమనగా వెల లేనిదని యర్థము కాదు. ఆ వెలను ప్రభుత్వ ఖజానా చెల్లించుచున్నది. మన యిండ్లకు, బియ్యపు మిల్లులకు, సంఘపు గిడ్డంగులకు బిల్లులు వచ్చుచునే యున్నవి. చెప్పిన శక్తి వేళకు రానియెడల పంపిణీ సంస్థ బజారున, యూనిటుకు 10 రూపాయల వరకైనను పెట్టి కొనవలసి యుండును. దొరకనిచో కోత విధించును. వరి పాలుపోసికొను వేళ మడి యెండినచో ఏ జరిమానాయు ఆ గింజను తిరిగి తేజాలదు.

రైతు చేయదగిన పని యేమి? 2003 విద్యుత్ చట్టమును బట్టి, చార్జీలు నిర్ణయించుటకు ముందు రాష్ట్ర నియంత్రణ మండలి ప్రజల అభ్యంతరములను విచారింపవలయును. మన సంఘములు తీర్మానము చేసి వ్రాతమూలముగా మూడు ప్రశ్నలు వేయవచ్చును: గడచిన సంవత్సరము ఒక్కొక్క యంత్రము ఎంత కాలము సిద్ధముగానున్నది? పిలుపు పరీక్ష ఎన్నిసార్లు జరిగినది, ఫలితమేమి? కేంద్రము స్వంతమునకు వాడుకొన్న శక్తి నియమిత పరిమితికి లోబడియున్నదా?

సిరిసిల్లలో 1970లో స్థాపితమైన సహకార విద్యుత్ సరఫరా సంఘము శక్తిని మొత్తముగా కొని గ్రామములకు పంచుచు వచ్చినది. ఈ లెక్కలు సహకారులకు అందనివి కావనుటకు అదియే నిదర్శనము. 2019లో మొదలైన కుసుమ్ పథకమున రైతులును సహకార సంఘములును 500 కిలోవాట్లు మొదలు 2 మెగావాట్ల వరకు సౌర కేంద్రములు పెట్టి, శక్తిని పంపిణీ సంస్థకు అమ్ముటకు వీలు కలిగినది. అట్లు మనమే అమ్మువారమైననాడు మన మాటకును పరీక్ష తప్పదు. కావున సభ్యులెల్లరు ఈ సంగతులను సంఘ సమావేశములలో చదివించి, చర్చించి, రాబోవు విచారణకు ముందే తమ ప్రశ్నలను సిద్ధపరచుకొందురుగాక.