ఉచిత ఔషధము - ఉచితము కాని సంతకము

ప్రభుత్వ ఆరోగ్య శాఖలు ఔషధ కంపెనీల నుండి మందులను, టీకాలను దానముగా స్వీకరించడం నేడు లోకమంతటా ఉన్నదే. దీనివలన మేలు కలుగలేదని మేము అనజాలము. 1987లో అమెరికాకు చెందిన మెర్క్ కంపెనీ, పేదల కన్నులను హరించే 'నది అంధత్వ' వ్యాధికి ఐవర్‌మెక్టిన్ మందును అవసరమున్నంత కాలం ఉచితంగా ఇస్తామని ప్రకటించింది. 2013లో కొలంబియా దేశం ఆ వ్యాధి నుండి విముక్తి పొందింది. ఆ రోగులకు మందు కొనే శక్తి లేదు; కనుక ఆ దానం వెనుక సంపాదించవలసిన అంగడి లేదు.

అదే కంపెనీ చేసిన మరొక దానం మన తెలుగునాట వేరొక పాఠం నేర్పినది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ప్రధాన కారణం హెచ్.పి.వి. అనే వైరస్. దానిని నివారించే టీకాను ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తున్నది. 2009 జూలైలో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలలో, 10 నుండి 14 ఏండ్ల బాలికలు సుమారు 14 వేల మందికి ఆ టీకా వేయ నారంభించారు. దీనిని నడిపినవారు 'పాత్' అనే అమెరికన్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం. ధనం గేట్స్ ఫౌండేషన్‌ది. టీకాలు మెర్క్ కంపెనీ దానం. గుజరాత్‌లోని వడోదరలో కూడా ఇటువంటి కార్యక్రమమే మరొక కంపెనీ టీకాతో జరిగినది.

ఈ రెండు చోట్ల ఏడుగురు బాలికలు మరణించారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమం నిలిచిపోయినది. ఆ మరణాలకు టీకాతో సంబంధం లేకపోవచ్చునని ప్రభుత్వ విచారణ సంఘం అభిప్రాయపడినది. అయితే మరొక సత్యం వెలికి వచ్చినది. మన రాష్ట్రంలోని 9,543 అంగీకార పత్రాలలో 2,763 పత్రాలపై సంతకం చేసినవారు తల్లిదండ్రులు కారు, హాస్టల్ వార్డెన్లు! మరి 1,948 పత్రాలపై ఉన్నవి వేలిముద్రలు. టీకాను జాతీయ కార్యక్రమంలో చేర్పించి తయారీదారులకు లాభం చేకూర్చడమే దీని ఉద్దేశమని 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం విమర్శించినది. ఆ ఆరోపణను పాత్ సంస్థ అంగీకరించలేదు.

ఉద్దేశం ఏదైనను, చిక్కు ఎక్కడున్నదో స్పష్టమే. జాతీయ కార్యక్రమంలో చేరిన టీకాను ప్రభుత్వం ఏటేటా లక్షల సంఖ్యలో కొనవలసి ఉంటుంది. కొనదగినదా కాదా అని తేల్చవలసిన న్యాయమూర్తి, అమ్మదలచినవాని కానుక పుచ్చుకొని అతనితో కలిసి పనిచేసినచో తీర్పుపై ఎవరికి నమ్మకం కలుగుతుంది? మన వక్ఫ్ నియమంలో ఒక గొప్ప వివేకం ఉన్నది: ఒకసారి వక్ఫ్ చేసిన ఆస్తిపై దాతకు యాజమాన్యం ఉండదు. ఔషధ దానానికీ ఇదే కొలబద్ద కావలెను.

ఇది దూరపు జిల్లా కథ కాదు. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలలో ఎందరో పిల్లలు హాస్టళ్ళలో ఉండి చదువుకుంటున్నారు. నల్లమల చెంచు గూడేల పిల్లల తల్లిదండ్రులలో అక్షరం రానివారు అనేకులు. మీలో కొందరు రేపు ఉపాధ్యాయులు, నర్సులు, వార్డెన్లు కాగలరు. టీకాలను నిరాకరించమని మేము చెప్పడం లేదు, అవి ప్రాణదాతలు. కాని ఎవరు ఇచ్చారు, ఎందుకు ఇచ్చారు, ఆపద వస్తే ఎవరు చూస్తారు అన్న మూడు ప్రశ్నలకు తల్లికి ఆమె భాషలో జవాబు చెప్పనిదే ఆమె బిడ్డ తరఫున సంతకం చేయకండి. మందు ఉచితం కావచ్చును. బిడ్డపై తల్లికి గల హక్కు ఉచితం కాదు.