మీకు తెలుసా? గిడుగు వారి మరో ముఖం: శాసనాల పంతులు

వాడుక భాష అనగానే గుర్తొచ్చే గిడుగు రామమూర్తి పంతులు (1863–1940) చరిత్రకారుడు కూడా. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. బరంపురంతో పాటు ఆ ఊరు కూడా అప్పుడు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాదే.

వంశధార ఒడ్డున, ముఖలింగంలోని మధుకేశ్వరాలయం గోడల మీదా స్తంభాల మీదా శాసనాలు నిండా ఉన్నాయి. పంతులుగారు పాత లిపులు సొంతంగా నేర్చుకుని, అరిగిపోయిన అక్షరాలను కూడబలుక్కుని చదివారు. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఎక్కడ? ఈ ముఖలింగమే అని వాదిస్తూ వ్యాసం రాశారు. శాసనంలో ప్రభువు పొగడ్త ఎంత ఉన్నా, దానాల్లో వచ్చే ఊళ్ల పేర్లూ తేదీలూ చరిత్రకు పనికొస్తాయి. పండితులు వెతికేది వాటినే.

రాజుగారి కొలువులో ఉన్నంత మాత్రాన రాజుగారి మాటకల్లా తలూపే మనిషి కాదాయన. పర్లాకిమిడిని ఒడిశాలో కలపాలని రాజా కృష్ణచంద్ర గజపతి పట్టుబడితే, పంతులుగారు కలపొద్దన్నారు. రాజావారి మాటే నెగ్గింది. 1936 ఏప్రిల్ 1న కొత్త రాష్ట్రం ఏర్పడింది, పర్లాకిమిడి ఊరు అందులోకి వెళ్లింది. దశాబ్దాలు బతికిన ఊరు వదిలేసి పంతులుగారు రాజమండ్రి చేరారు. మరుసటి ఏడు గజపతి ఒడిశాకు తొలి ప్రధానమంత్రి అయ్యారు.