నాటి పురపాలన

పాఠ్యభాగ ఉద్దేశం

వీధిదీపం, మురుగుకాలువ, మంచినీళ్ళ చెరువు, ఇంటిపన్ను రసీదు వంటివి చరిత్ర గ్రంథాలలో అరుదుగా కనిపిస్తాయి. కాని సామాన్యునికి ప్రభుత్వంతో తొలి పరిచయం కలిగేది వీటి ద్వారానే. ఆనాటి మద్రాసు రాజధానిలో భాగంగా ఉన్న తెలుగు పట్టణాలలో పురపాలక సంఘాలు ఎట్లా ఏర్పడ్డాయో, దైనందిన వ్యవహారాలను ఎట్లా నడిపాయో, పన్ను చెల్లించే పౌరునికీ పాలనలో పాలుపంచుకొనే హక్కుకూ ఉన్న సంబంధమేమిటో తెలియజేయడమే ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

ఊరు చిన్నదైనప్పుడు ఎవరి వాకిలి వారు ఊడ్చుకొంటే వీధి అంతా శుభ్రంగా ఉంటుంది. చెరువు నీటిని కాపాడుకోవడానికి ఊరి పెద్దల మాట సరిపోతుంది. ఆ ఊరే వర్తకంవల్లనో, రైలుమార్గంవల్లనో, కచేరీలు వెలయడంవల్లనో పట్టణంగా పెరిగినప్పుడు పరిస్థితి మారుతుంది. వేలాది ఇళ్ళ మురుగునీరు ఎటు పోవాలి? సంతకు వచ్చిన బండ్లు ఎక్కడ నిలవాలి? చీకటి పడిన తరువాత బాటసారికి దారి చూపేదెవరు? ఏ ఒక్కరి సొత్తూ కాని వీధిని అందరి తరఫున చూసుకొనే వ్యవస్థ అవసరమవుతుంది. ఆ అవసరం నుంచే పురపాలక సంఘాలు జన్మించాయి.

మనదేశంలో ఆధునిక పురపాలనకు తొలిమెట్టు మద్రాసు నగరంలో పడింది. 1687 నాటి రాజశాసనాన్ని అనుసరించి 1688లో అక్కడ కార్పొరేషన్ ఏర్పడింది. చిన్న పట్టణాలకు ఆ వ్యవస్థ చేరడానికి మరో నూట డెబ్బై ఏండ్లు పట్టింది. విశాఖ తీరంలోని భీమునిపట్నంలో 1861లోనే పురపాలక సంఘం వెలసింది. మద్రాసు ప్రభుత్వం 1865లో పట్టణాభివృద్ధి చట్టం చేసిన తరువాత 1866లో గుంటూరు, ఏలూరు మొదలైన పట్టణాలలో సంఘాలు ఏర్పడ్డాయి.

ఈ ఏర్పాటు వెనుక ప్రజాక్షేమ దృష్టితోపాటు ఖజానా దృష్టి కూడా ఉన్నది. 1857 నాటి తిరుగుబాటు అనంతరం ఆంగ్లేయ ప్రభుత్వ ఆర్థిక పరిస్థితి క్లిష్టంగా ఉండేది. పట్టణాల ఖర్చును పట్టణవాసులచేతనే భరింపజేయాలన్న ఆలోచన అప్పుడు బలపడింది. 1865 చట్టం ప్రకారం పట్టణంలోని పోలీసుల ఖర్చులో అధికభాగం పురపాలక సంఘమే మోయవలసి వచ్చేది. వసూలైన సొమ్ములో చాలా భాగం అటు పోగా, వీధులకూ కాలువలకూ మిగిలేది స్వల్పం. 1871 చట్టం ఆ భారాన్ని తొలగించి విద్య, వైద్యం, టీకాల వంటి బాధ్యతలను అప్పగించింది. అయినా సంఘానికి అధ్యక్షుడు జిల్లా కలెక్టరే. సభ్యులలో ఎక్కువమంది ప్రభుత్వం నియమించినవారే.

1882లో వైస్రాయి రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనపై ఒక తీర్మానం వెలువరించాడు. స్థానిక సంస్థలు ప్రజలకు రాజకీయ శిక్షణనిచ్చే పాఠశాలలు కావాలన్నది ఆ తీర్మానంలోని సారాంశం. దానిని అనుసరించి మద్రాసులో 1884లో జిల్లా పురపాలక సంఘాల చట్టం వచ్చింది. సభ్యులలో నాలుగింట మూడు వంతుల వరకు ఎన్నికద్వారా రావడానికి వీలు కలిగింది. కలెక్టరుకు బదులుగా పట్టణ ప్రముఖులు అధ్యక్షులు కాగలిగారు. తిరుపతి 1886లో, బెజవాడ 1888లో, తెనాలి 1909లో పురపాలక సంఘాలయ్యాయి. అయితే నిర్ణీతమైన మొత్తంలో పన్ను చెల్లించినవారికే ఓటు ఉండేది. పట్టణ జనాభాలో అత్యధికులకు తమ వీధి ప్రతినిధిని ఎన్నుకొనే హక్కు లేదు.

సంఘానికి ఆదాయం ఎట్లా సమకూరేదో తెలిస్తే నాటి పట్టణ జీవితం కళ్ళకు కడుతుంది. ఇంటి అద్దె విలువను లెక్కకట్టి, దానిమీద ఆరు నెలలకొకసారి ఇంటిపన్ను వసూలు చేసేవారు. వకీళ్ళు, వైద్యులు, వర్తకులు తమ రాబడిని బట్టి వృత్తిపన్ను కట్టేవారు. జట్కాబండికీ గుర్రానికీ కూడా పన్ను ఉండేది. ఊరి పొలిమేరలో టోలుగేటు దాటే ప్రతి బండీ సుంకం చెల్లించవలసిందే. మార్కెట్టులో అంగళ్ళ నుంచి ఆశీలు వసూలుచేసే హక్కును ఏటా వేలం వేసేవారు. పంటచేలలో పడిన పశువులను బందెలదొడ్డికి తోలితే, యజమాని రుసుము కట్టి విడిపించుకొనేవాడు. రోడ్డుపక్క చింతచెట్ల ఫలసాయాన్నీ, పోగుచేసిన చెత్త ఎరువునూ సైతం వేలం వేసి ఒకటి రెండు రూపాయలు కూడబెట్టేవారు.

ఈ వ్యవహారంలో పట్టణవాసికి అందరికంటె ఎక్కువ పరిచితుడు బిల్లు కలెక్టరు. చేతిలో రసీదు పుస్తకంతో అతడు గడపగడపకూ తిరిగేవాడు. పన్ను బకాయి పడినవారికి తాఖీదు వెళ్ళేది. అప్పటికీ చెల్లించకపోతే ఇంటిలోని చరాస్తిని జప్తు చేసేవారు. ఇత్తడి బిందె వీధిలోకి రావడం ఆ కుటుంబానికి నష్టంతోపాటు అవమానం కూడా. అందువల్ల సంఘం విధించిన ప్రతి కొత్త పన్నూ ప్రజల్లో కలవరం రేపేది.

ఆ సొమ్ముతో జరిగే పనులు తెల్లవారకముందే మొదలయ్యేవి. వీధులు ఊడ్చేవారు, చెత్తబండ్లు తోలేవారు, మరుగుదొడ్ల మలినాన్ని చేతులతో ఎత్తి మోసేవారు చీకటి ఉండగానే బయలుదేరేవారు. వారిని అదుపుచేసే మేస్త్రీ, అతనిపైన శానిటరీ ఇన్‌స్పెక్టరు ఉండేవారు. పట్టణ ఆరోగ్యమంతా ఈ కార్మికుల శ్రమపై ఆధారపడి ఉండేది. కాని కులవ్యవస్థ అడుగున ఉన్న వారికి దక్కినది కొద్దిపాటి జీతం, ఊరి చివర నివాసం, అందరి అంటరానితనం. తాము శుభ్రం చేసే వీధిలో వారికి ఓటు లేదు, సమావేశంలో మాట లేదు. మానవ మలాన్ని మనుషులచేత ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లోనూ, మరింత కఠినంగా 2013లోనూ చట్టాలు చేయవలసి వచ్చిందంటే ఆ అన్యాయం ఎంత దీర్ఘకాలం నిలిచిందో గ్రహించవచ్చు.

మంచినీరు మరొక పెద్ద సమస్య. కొళాయిలు రాకముందు పట్టణాలు చెరువులమీద, బావులమీద ఆధారపడేవి. తాగునీటి చెరువులో బట్టలుతకడం, పశువులను కడగడం నేరమని సంఘం టముకు వేయించేది. కలరా సోకినప్పుడు బావులలో పర్మాంగనేటు కలిపించేది. మశూచికి టీకాలు వేసేవారు వీధులలోకి వస్తే భయపడి తలుపులు మూసుకొన్న కుటుంబాలు ఎన్నో ఉండేవి. జనన మరణాలను నమోదుచేసే పుస్తకాలు కూడా సంఘం కార్యాలయంలోనే ఉండేవి. ఏ పేటలో మరణాలు హఠాత్తుగా పెరిగాయో ఆ పుస్తకాన్ని చూసి అధికారులు తెలుసుకొనేవారు. మశూచి ప్రపంచం నుంచి తొలగిపోయినట్లు 1980లో ప్రకటన వెలువడింది. అంతటి విజయం వెనుక తలుపు తట్టి పేరు రాసుకొని వెళ్ళిన ఇటువంటి చిరుద్యోగుల కృషి కూడా ఉన్నది.

సాయంకాలం కాగానే నిచ్చెన భుజాన వేసుకొని, కిరసనాయిలు డబ్బా పట్టుకొని దీపాలవాడు బయలుదేరేవాడు. స్తంభం స్తంభానికీ ఎక్కి, గాజు చిమ్నీ తుడిచి, నూనె పోసి, వత్తి వెలిగించేవాడు. నూనె ఖర్చు కలిసివస్తుందని అనేక పట్టణాలలో వెన్నెల రాత్రులందు దీపాలు వెలిగించేవారు కారు. ఆ రాత్రి మబ్బు పట్టితే పట్టణమంతా చీకటిలో మునిగేది. విద్యుద్దీపాలు వచ్చేవరకు ఈ స్థితి కొనసాగింది.

సంఘ సమావేశాలలో చర్చకు వచ్చే అంశాలు ఇటువంటివే. కొత్త దీపస్తంభం ఏ వీధిలో నాటాలి, ఏ కాలువకు ముందు రాతికట్టు కట్టాలి, పాఠశాలకు మరో ఉపాధ్యాయుని నియమించాలా వద్దా అన్న విషయాలపై గంటల తరబడి వాదోపవాదాలు సాగేవి. పలుకుబడి గల సభ్యుని వీధికి దీపం ముందుగా వచ్చేది. పేదలపేటకు ఆలస్యంగా చేరేది. కక్షలూ, పక్షపాతాలూ లేకపోలేదు. అయినప్పటికీ తీర్మానం ప్రతిపాదించడం, ఎదుటివారి వాదన వినడం, ఓటుకు పెట్టడం, లెక్కలు అడగడం అనే ప్రజాస్వామ్య పద్ధతులను మనవారు అభ్యసించినది అక్కడే. టంగుటూరి ప్రకాశం ఇరవయ్యో శతాబ్ది తొలి దశకంలో రాజమహేంద్రవర పురపాలక సంఘానికి అధ్యక్షుడుగా పనిచేశాడు. ఆయనే 1946లో మద్రాసు ప్రభుత్వానికి నాయకుడయ్యాడు. 1953లో ఆంధ్రరాష్ట్ర ప్రథమ ముఖ్యమంత్రి అయ్యాడు.

ప్రజల సమ్మతి లేకుండా పురపాలన సాగదని నిరూపించిన ఘటన చీరాలలో జరిగింది. ఆనాడు గుంటూరు జిల్లాలో, నేడు బాపట్ల జిల్లాలో ఉన్న చీరాల, పేరాల జంటగ్రామాలు. అక్కడివారిలో చేనేతవారు, చిన్నరైతులు అధికం. అంతవరకు ఆ గ్రామాలు స్వల్పమైన పన్నులతో యూనియనుగా నడిచేవి. 1919లో ప్రభుత్వం వాటిని మునిసిపాలిటీగా మార్చింది. ఏడాదికి సుమారు 4,000 రూపాయలుగా ఉన్న పన్నుభారం దాదాపు పదిరెట్లు పెరిగింది. దానికి తగిన సౌకర్యాలు సమకూరుతాయన్న నమ్మకం ప్రజలకు కలుగలేదు. మునిసిపాలిటీ తమకు వద్దని వారు విన్నపాలు పంపారు. అవి ఫలించలేదు. ఎన్నికైన సభ్యులు రాజీనామా చేశారు. ప్రభుత్వం జీతంమీద అధికారిని నియమించి పాలన సాగించింది. పన్ను నిరాకరించినవారిపై కేసులు నడిచాయి.

‘ఆంధ్రరత్న’ దుగ్గిరాల గోపాలకృష్ణయ్య ఈ ఉద్యమానికి నాయకత్వం వహించాడు. ‘రామదండు’ అనే స్వచ్ఛంద సేవకుల దళాన్ని ఆయన తీర్చిదిద్దాడు. 1921 ఏప్రిల్‌లో గాంధీజీ చీరాలకు వచ్చినప్పుడు శాంతియుతంగా పన్ను నిరాకరించడం, ఊరు విడిచి వెళ్ళడం అనే రెండు మార్గాలు చర్చకు వచ్చాయి. ప్రజలు రెండవదానిని ఎన్నుకొన్నారు. మునిసిపాలిటీ ఊరి హద్దుల వరకే కాబట్టి, హద్దు దాటినవారిపై దానికి అధికారం లేదు. సుమారు 15,000 జనాభాలో అత్యధికులు వేసవి ఎండలో మగ్గాలూ, గిన్నెలూ, పశువులూ తీసుకొని హద్దు వెలుపల పాకలు వేసుకొన్నారు. ఆ కొత్త ఊరికి ‘రామనగరం’ అని పేరుపెట్టారు. తగాదాలను తామే తీర్చుకొంటూ, పారిశుద్ధ్యాన్ని తామే చూసుకొంటూ ఎండకూ వానకూ ఓర్చి పదకొండు నెలలపాటు అక్కడ నివసించారు. గోపాలకృష్ణయ్యకు ఏడాది జైలుశిక్ష పడింది. నాయకుడు దూరం కావడం, ధనం కొరవడడం, ఉపాధి దెబ్బతినడం మూలంగా 1922లో ప్రజలు తిరిగి ఇళ్ళకు చేరారు. పోరాటం కోరిన ఫలితం వెంటనే లభించలేదు. కాని పన్ను విధించేవారు ప్రజలను సంప్రదించాలన్న సూత్రం దేశమంతటా వినిపించింది.

చీరాలవారు పాలనను కాదన్నవారు కారు. రామనగరంలో వారు నడిపినది కూడా పాలనే. తమను అడగకుండా, తమ శక్తిని గమనించకుండా పైనుంచి రుద్దిన పాలననే వారు నిరాకరించారు.

స్వాతంత్ర్యానంతరం వయోజన ఓటుహక్కు రావడంతో పన్నుకూ ఓటుకూ ఉన్న ముడి తెగిపోయింది. నిజాం ఏలుబడిలోని తెలంగాణలో వేరొక మార్గంలో సాగిన పురపాలన, ఆంధ్ర ప్రాంతపు పురపాలన 1965 నాటి ఆంధ్రప్రదేశ్ పురపాలక సంఘాల చట్టంతో ఒకే గొడుగు కిందికి వచ్చాయి. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ 2019లో తన చట్టాన్ని తాను చేసుకొన్నది. 1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చి, పురపాలక సంస్థలకు రాజ్యాంగబద్ధమైన స్థానం కల్పించింది. మూడింట ఒక వంతుకు తక్కువ కాకుండా స్థానాలను మహిళలకు కేటాయించింది. షెడ్యూల్డు కులాలకూ తెగలకూ జనాభా నిష్పత్తిలో స్థానాలు లభించాయి. ఒకనాడు వీధి ఊడ్చి, మాట లేకుండా మిగిలిన కుటుంబాలవారు సంఘాధ్యక్ష పీఠంపై కూర్చొనే అవకాశం చట్టరీత్యా ఏర్పడింది.

నేడు దీపాలవాని నిచ్చెన లేదు, టోలుగేటు సుంకమూ లేదు. వీధి, నీరు, వెలుగు, చెత్త అనే నాలుగు విషయాలు మాత్రం నాటివలెనే పురపాలన ముందు నిలిచి ఉన్నాయి. పన్ను రసీదు అందుకొన్న పౌరుడు ఆ సొమ్ము ఏ వీధికి, ఏ పనికి చేరిందో అడిగి తెలుసుకోవడం నేటికీ అతని హక్కు, బాధ్యత కూడా.

అభ్యాసం

అ) ఈ కింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. నాటి పురపాలక సంఘాల ఆదాయ మార్గాలను, అవి నిర్వహించిన పనులను వివరించండి.
2. చీరాల - పేరాల ఉద్యమ కారణాలను, ఫలితాలను విశ్లేషించండి.

ఆ) ఈ కింది ప్రశ్నలకు పది పంక్తులలో సమాధానాలు రాయండి.
1. 1865, 1871, 1884 చట్టాల మధ్య భేదాలు తెలపండి.
2. పారిశుద్ధ్య కార్మికుల స్థితిగతులను గూర్చి రాయండి.
3. మీ పట్టణంలో పురపాలక సంఘం చేపట్టిన ఒక పనిని పరిశీలించి, దానిపై మీ అభిప్రాయం రాయండి.