కొండ నిండా వేటగాళ్లు... దుప్పిపోతులు ఏమయ్యాయి?

అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో ఆగస్టు నడిమి నుంచి సెప్టెంబరు చివరి వరకు విల్లంబుల వేట కాలం. ఊటా, నెవడా, కొలరాడో, వయోమింగ్... ఏ కొండదారి చూసినా ట్రక్కులు బారులు తీరి ఉంటాయి. వారం రోజుల క్రితం అదే కొండవాలు మీద అరడజను దుప్పిపోతులు తీరిగ్గా మేస్తుంటే బైనాక్యులర్‌లో చూసి సంబరపడిన మనిషి, వేట మొదలైన రెండోరోజుకే ఒక్క పోతూ కంటపడక, "అన్నీ కొండ దాటి పారిపోయాయి" అని తేల్చేస్తాడు. నిజంగా పారిపోయాయా? జంతువుల ప్రవర్తనను అధ్యయనం చేసేవారు ఈ ప్రశ్నకు చెప్పే జవాబు వేటగాళ్లకే కాదు, అడవిలో జంతువును కళ్లారా చూడాలనుకునే ఎవరికైనా పనికొస్తుంది.

ముందు ఆ జంతువును పరిచయం చేసుకుందాం. దాని పేరు మ్యూల్ డీర్. మ్యూల్ అంటే కంచరగాడిద. అలాంటి పెద్ద చెవులు ఉండటం వల్ల ఆ పేరు వచ్చింది. శాస్త్రీయ నామం ఓడోకాయిలియస్ హెమియోనస్. మన నల్లమలలో తిరిగే చుక్కల దుప్పి, కణుజు ఏ కుటుంబానివో ఇదీ ఆ కుటుంబానిదే. అందుకే ఇక్కడ దీన్ని మ్యూల్ దుప్పి అందాం. కృష్ణజింకది వేరే కుటుంబం. దాని కొమ్ములు బతికినంతకాలం ఉంటాయి. దుప్పుల కొమ్ములు మాత్రం ఏటా రాలిపోయి మళ్లీ మొలుస్తాయి. ఈ తేడాతో మనకు కాసేపట్లో పని పడుతుంది.

అందరి భూమి, అందరి మ్యాపు

వేట అంతా ఎక్కువగా ప్రభుత్వ భూముల్లోనే జరుగుతుంది. అమెరికా భూ నిర్వహణ బ్యూరో చేతిలో సుమారు 24.5 కోట్ల ఎకరాలు, అటవీ సర్వీసు చేతిలో సుమారు 19.3 కోట్ల ఎకరాలు ఉన్నాయి. నెవడా రాష్ట్రంలోనైతే దాదాపు 80 శాతం నేల కేంద్ర ప్రభుత్వానిదే. అక్కడికి ఎవరైనా వెళ్లవచ్చు. కానీ దుప్పిని వేటాడాలంటే రాష్ట్రం ఇచ్చే 'ట్యాగు' ఉండాలి. ఏ ప్రాంతంలో ఎన్ని ట్యాగులు ఇవ్వాలో ఆ రాష్ట్ర వన్యప్రాణి శాఖ నిర్ణయిస్తుంది. కొలరాడోలో 1999 నుంచి దుప్పి ట్యాగులన్నీ పరిమితమే, వాటిని లాటరీ తీసి పంచుతారు. తుపాకితో పోలిస్తే విల్లుతో వేట ఫలించేది తక్కువసార్లు. కనుక విల్లు ట్యాగులు దొరకడం చాలాచోట్ల కాస్త సులువు, గడువు కూడా ఎక్కువ రోజులు ఇస్తారు. వాతావరణం కూడా హాయిగా ఉంటుంది. ఇక రద్దీకి కొదవేముంది? పైగా ఇప్పుడు ప్రతివాడి ఫోనులోనూ అదే ఉపగ్రహ మ్యాపు. మారుమూల లోయ అని ఒకడు గుర్తుపెట్టుకున్నచోట తెల్లవారేసరికి నలుగురు తేలుతారు!

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం సరదాకి వేటాడటం నేరం. అక్కడి పద్ధతి వేరు. తుపాకులు, మందుగుండు మీద 1937 నాటి చట్టం ప్రకారం వసూలు చేసే పన్ను రాష్ట్రాల వన్యప్రాణి సంరక్షణకు వెళుతుంది. 1970లలో విల్లంబులను కూడా దీనికిందికి తెచ్చారు. మనకు ఆ పద్ధతి నచ్చవచ్చు, నచ్చకపోవచ్చు. అక్కడి దుప్పుల గురించి తెలిసిన సంగతుల్లో చాలా భాగం ఆ డబ్బుతో జరిగిన పరిశోధనల నుంచే వచ్చిందన్నది మాత్రం నిజం.

బాణం కంటే ముందు శబ్దం

విల్లుతో వేటంటే దగ్గరికి చేరాల్సిందే. చిన్న లెక్క వేద్దాం. నేటి కాంపౌండ్ విల్లు నుంచి వెలువడే బాణం సెకనుకు సుమారు 85 మీటర్లు పోతుంది. గాలిలో శబ్దవేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. దుప్పి 40 మీటర్ల దూరంలో ఉందనుకోండి. బాణం చేరడానికి దాదాపు అర సెకను పడుతుంది. వింటినారి చప్పుడు మాత్రం సెకనులో ఎనిమిదో వంతులోపే దాని చెవిన పడుతుంది. మిగిలిన సెకనులో మూడో వంతుకు పైగా కాలం దుప్పి చేతిలో ఉన్నట్టే. ఎగిరి దూకడానికి ముందు కాళ్లు ముడిచి ఒళ్లు కిందికి దించడానికి ఆ మాత్రం చాలు, బాణం వీపు మీదుగా పోతుంది. గురి తప్పినా పరవాలేదు కానీ, గాయపడిన జంతువు తప్పించుకుపోయి ఎక్కడో చావడం అన్నిటికంటే చెడ్డది. అందుకే బాధ్యత ఎరిగిన విలుకాడు 'కనిపించింది కదా' అని బాణం వదలడు. పోతు ఎక్కడుందో ముందే తెలిసి ఉండాలి, తనను అది పసిగట్టకుండా ఉండాలి. ఈ రెండోది కొండమీద వందమంది తిరుగుతున్నప్పుడు ఎంత కష్టమో ఊహించుకోండి.

పోతుల వేసవి

వేసవిలో పోతులు ఆడదుప్పులకు దూరంగా, చిన్నచిన్న గుంపులుగా ఎత్తయిన ప్రాంతాల్లో ఉంటాయి. అప్పుడు వాటి కొమ్ములు పెరుగుతుంటాయి. పెరిగే కొమ్ము మీద నెత్తురు, నాడులు ఉన్న మఖమల్ లాంటి చర్మం ఉంటుంది, తగిలితే నొప్పి పుడుతుంది. దట్టమైన పొదల్లోకి దూరకుండా బయళ్లలో ఉండటానికి ఇది ఒక కారణమని చాలాకాలంగా ఉన్న అభిప్రాయం. ఒంటి మీద ఎర్రటి వేసవి బొచ్చు పచ్చటి వాలుపై కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. జులైలో పోతులను చూడటం తేలిక అనిపించేది ఇందుకే.

పగటి నిడివి తగ్గేకొద్దీ పోతు ఒంట్లో టెస్టోస్టిరోన్ పెరుగుతుంది. ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో కొమ్ము గట్టిపడి, పైచర్మం ఎండి ఊడుతుంది. పోతులు కొమ్ములను పొదలకేసి రాసి దాన్ని వదిలించుకుంటాయి. ఎర్ర బొచ్చు పోయి బూడిదరంగు వస్తుంది. గుంపులు సడలుతాయి, పోతులు చెట్ల నీడకు చేరతాయి. అంటే వేటగాళ్లు రాకపోయినా ఆ రోజుల్లో పోతులు ఎలాగూ కనుమరుగవుతాయి. రద్దీ వల్ల వచ్చిన మార్పు ఎంత, రుతువు వల్ల వచ్చిన మార్పు ఎంత అన్నది విడదీయకుండా "మనుషులను చూసి పారిపోయాయి" అనడం తొందరపాటే.

స్టార్కీ అడవిలో తేలింది

మరి మనుషుల ప్రభావం మాటేమిటి? ఓరెగాన్ రాష్ట్రంలో లా గ్రాండ్ పట్టణానికి దగ్గరలో స్టార్కీ ప్రయోగాత్మక అడవి ఉంది. 1980ల చివరలో అక్కడ సుమారు 100 చదరపు కిలోమీటర్ల మేర ఎత్తయిన కంచె వేసి, లోపల ఉన్న మ్యూల్ దుప్పులకు, వాటికంటే చాలా పెద్దవైన ఎల్క్‌లకు మెడపట్టీ ట్రాన్స్‌మిటర్లు కట్టి, వాటి రాకపోకలను ఏళ్ల తరబడి నమోదు చేశారు. ఒక ప్రయోగంలో నడిచేవారిని, గుర్రాల మీద వెళ్లేవారిని, సైకిళ్లవారిని, నాలుగు చక్రాల మోటారు బండ్లవారిని వేర్వేరుగా దారుల వెంట పంపించారు. ఎల్క్‌లు లేచి దూరంగా కదిలాయి. మ్యూల్ దుప్పుల కదలికల్లో మాత్రం పెద్ద మార్పేమీ కనిపించలేదు!

వాటికి మనిషంటే లెక్కలేదని దీనికి అర్థం కాదు. అవి పరుగెత్తే బదులు దగ్గరలోని దట్టమైన పొదల్లోకి జరిగి కదలకుండా ఉండిపోతూ ఉండవచ్చని పరిశోధకులు భావించారు. ఈ ప్రయోగంలో వేట లేదు, బాణాలు ఎగురుతుంటే స్పందన ఇంకాస్త గట్టిగా ఉండవచ్చు. అయినా అసలు సూత్రం అర్థమవుతుంది. ఎల్క్ దూరాన్ని నమ్ముకుంటుంది, మ్యూల్ దుప్పి చాటును నమ్ముకుంటుంది. పైగా మ్యూల్ దుప్పికి తన చోటు మీద మమకారం ఎక్కువ. వయోమింగ్‌లో మెడపట్టీలు కట్టి ఏళ్లపాటు గమనించినప్పుడు, అవి ఏటా అవే వలసదారులను, అవే వేసవి లోయలను పట్టుకుని ఉంటాయని తేలింది. అలాంటి జంతువు రెండు రోజుల సందడికి లోయ వదిలి పోతుందా?

చోటు మార్చకపోయినా వేళ మార్చుకుంటుంది. కెయిట్లిన్ గేనర్, ఆమె సహచరులు 2018లో 'సైన్స్' పత్రికలో ఆరు ఖండాల్లోని 62 జాతుల క్షీరదాల సమాచారాన్ని క్రోడీకరించి ప్రచురించారు. మనుషుల అలికిడి ఉన్నచోట జంతువులు రాత్రిపూట తిరగడం సగటున 1.36 రెట్లు పెరిగింది. పగలు సగం, రాత్రి సగం తిరిగే జంతువు సంచారంలో 68 శాతం రాత్రికి మారుతుందన్నమాట. కెనడాలోని ఆల్బర్టాలో ఎల్క్‌ల మీద చేసిన పరిశోధన (2012) మరో సంగతి చెప్పింది. ఎక్కువగా కదిలేవి, బయళ్లలో తిరిగేవి వేటగాళ్లకు దొరికిపోయాయి, తక్కువ కదిలేవి మిగిలాయి. మ్యూల్ దుప్పుల్లోనూ ఇలాగే జరుగుతుంటే, నాలుగైదు వేట కాలాలు దాటి బతికిన ముసలి పోతు పుట్టుకతోనో అనుభవంతోనో కదలకుండా కూర్చోవడం వచ్చినది అయి ఉంటుంది.

గాలి, కన్ను, నీడ

కదలని జంతువును కనుక్కోవడం ఎలా? ఇక్కడ భూగోళశాస్త్రం పనికొస్తుంది. పర్వత పవనాలు, లోయ పవనాలు మీరు పాఠంలో చదివే ఉంటారు. రాత్రి చల్లబడిన గాలి వాలు మీద నుంచి కిందికి జారుతుంది. ఎండ ఎక్కాక నేల వేడెక్కి గాలి పైకి పాకుతుంది. పోతులు తరచు వాలు పైభాగంలో, నీడ ఉన్నచోట పడుకుంటాయి. పగలు కింది లోయలోని వాసనలన్నీ ఆ గాలి ముక్కు దగ్గరికి మోసుకొస్తుంది, కళ్లు కిందివైపు కాపలా కాస్తాయి. ఎండ ఎక్కాక దారి వెంట ఎక్కివచ్చే వందమంది వాసనను దుప్పి కూర్చున్నచోటి నుంచే లెక్కగడుతుంది. అందుకే తెలిసినవారు గాలి పైకి తిరిగేదాకా ఆగి, చుట్టుతిరిగి పై నుంచి దిగుతారు.

కన్ను సంగతి కొంచెం వేరు. మ్యూల్ దుప్పికి దగ్గరి బంధువైన తెల్లతోక దుప్పి కంటిని 1990లలో పరీక్షించినప్పుడు, మనకు మూడు రకాల వర్ణగ్రాహక కణాలు ఉంటే దానికి రెండే ఉన్నాయని తేలింది. నారింజరంగు చొక్కా మనకు మెరిసినట్టు దానికి మెరవదు. కానీ కదలికను ఇట్టే పట్టేస్తుంది. రంగుకంటే కదలికే మనిషిని పట్టిస్తుందన్నమాట.

చాలామంది పొద్దున రెండు గంటలు బైనాక్యులర్ పట్టుకుని, పదయ్యేసరికి గుడారానికి తిరిగి వెళ్లిపోతారు. అసలు అవకాశం ఆ తర్వాతే వస్తుంది. దుప్పి నెమరువేసే జంతువు. పగలంతా పడుకున్నా మధ్యమధ్య లేచి ఒళ్లు విరుచుకుని నాలుగు ఆకులు కొరుకుతుంది. సూర్యుడు జరిగితే నీడ జరుగుతుంది, ఎండ మీద పడితే పోతు లేచి చోటు మారాల్సిందే. మిట్టమధ్యాహ్నం ఎదురు కొండమీద ఓపికగా కూర్చున్నవాడికి అది ఒక్క నిమిషం కనిపించవచ్చు. అప్పుడు కూడా 'దుప్పి' కోసం వెతకకూడదు. నిలువు చెట్ల మధ్య అడ్డంగా కనిపించే గీత, ఈగను తోలే చెవి, కొమ్ము కొస మీద తళుకు - ఇలాంటి ముక్కల కోసం వెతకాలి. వాలును గళ్లుగా విభజించుకుని ఒక్కో గడినీ చూసుకుంటూ పోతే మేలు.

ఇక రద్దీ. నా దృష్టిలో అది అడ్డంకి ఎంతో ఆధారమూ అంతే. అందరూ ఎక్కడ బండ్లు ఆపుతారో, ఏ దారిన ఎక్కుతారో తెలిస్తే, వారు పట్టించుకోకుండా దాటిపోయే చోట్లు కూడా తెలుస్తాయి. రోడ్డుకు అర కిలోమీటరులోని ఇరుకు గండి, రెండు దారుల నడుమ ఏటవాలు పొదలగుట్ట - మ్యాపులో ఇవి ఎవరికీ ఆకర్షణగా కనిపించవు. స్టార్కీలో ఎల్క్‌లు రోడ్లకు దూరంగా జరిగితే, ఎల్క్‌ల పొడ గిట్టని మ్యూల్ దుప్పులు రోడ్లకు దగ్గరగా మిగిలిపోవడం కూడా నమోదైంది. దూరం నడిచినవాడికే పోతు దొరుకుతుందన్న నమ్మకం అన్నిసార్లూ నిజం కాదు.

దాక్కోవడానికి అయ్యే ఖర్చు

దాక్కోవడం ఉచితం కాదు. నవంబరులో ఎద కాలం వస్తే పోతులు మేత దాదాపు మరిచిపోయి ఆడదుప్పుల వెంట తిరుగుతాయి. ఒంటి బరువులో అయిదో వంతు దాకా పోగొట్టుకుని మంచుకాలంలో అడుగుపెడతాయి. ఆ కొవ్వు చేరేది ఆగస్టు, సెప్టెంబరు నెలల్లోనే, అంటే సరిగ్గా వేట సాగే రోజుల్లో. మంచి మేత ఉన్న బయలును పగలు వదులుకున్న ప్రతి పూటా ఆ ఖాతాలో లోటే. 2022-23 చలికాలంలో పశ్చిమ వయోమింగ్‌లో మంచు విపరీతంగా పడి దుప్పులు పెద్ద సంఖ్యలో చచ్చిపోయాయి. వేసవిలో కూడబెట్టిన కొవ్వు విలువ అలాంటి ఏడాదే తెలుస్తుంది.

ఇంకో చిక్కు ఉంది. 1967లో కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్‌లో, పరిశోధన కోసం పెంచుతున్న మ్యూల్ దుప్పుల్లో ఒక వింత జబ్బు మొదటిసారి గమనించారు. జంతువు రోజురోజుకూ కృశించి చచ్చిపోతుంది. వంకర తిరిగిన ప్రోటీన్లు, అంటే ప్రియాన్లు దీనికి కారణం. మందు లేదు. పెద్దవయసు పోతుల్లో ఇది ఆడదుప్పుల్లోకంటే దాదాపు రెట్టింపుగా కనిపిస్తుంది. 2018లో కొలరాడో రూపొందించిన ప్రణాళిక ప్రకారం ఒక మందలో పెద్ద పోతుల్లో 5 శాతం దాటి జబ్బు ఉన్నట్టు తేలితే చర్య తీసుకోవాలి. పోతుల సంఖ్యను, వాటి వయసును తగ్గించడం ఆ చర్యల్లో ఒకటి. అంటే శాఖవారు తగ్గించాలనుకుంటున్నది ఎవరికీ చిక్కకుండా పొదలో కూర్చున్న ఆ ముసలి పోతులనే!

అవి ఎన్ని మిగిలాయో తెలిసేది డిసెంబరులో. ఎద కాలంలో ఆడదుప్పుల దగ్గరికి చేరిన పోతులు మంచు మీద స్పష్టంగా కనిపిస్తాయి. అప్పుడు హెలికాప్టర్ల నుంచి, నేల మీద నుంచి లెక్కపెడతారు. ఊటాలో చాలా ప్రాంతాలకు 100 ఆడదుప్పులకు 15 నుంచి 20 పోతులు ఉండాలన్నది లక్ష్యం. వచ్చే ఆగస్టుకు ఎన్ని ట్యాగులు ఇవ్వాలో ఆ నిష్పత్తిని చూసుకునే నిర్ణయిస్తారు. సెప్టెంబరులో ఒక్కటీ కనిపించలేదని వేటగాళ్లు ఫిర్యాదు చేసిన కొండల కింది లోయల్లోనే ఈ లెక్కింపు జరుగుతుంది.