కట్టెలు కొట్టే కష్టానికి కూలి ఎవరిస్తారు?

రాజుపాలెం, ప్రొద్దుటూరు వైపు నల్లరేగడి పల్లెల్లోకి గ్యాసు వచ్చిందిగాని కట్టెల పొయ్యి పోలేదు. 1999లో దీపం, 2016లో ఉజ్వల, 2024 నవంబరు నుంచి దీపం-2 కింద ఏడాదికి 3 ఉచిత బండలు. మంచిదే, కాదనము. నాలుగో బండ కొనాల్సి వచ్చేసరికి కూలినాలి చేసుకునే ఇంట్లో చేయి గొడ్డలి మీదికి పోతుంది. స్నానాల నీళ్లకు, ఎద్దుల ఉలవలకు గ్యాసు తగలేసే ఇల్లెక్కడిది?

ఇక్కడ కంది కట్టె, పత్తి కట్టె అయిపోతే దిక్కు సర్కారు తుమ్మే. 1877లో జమైకా నుంచి గింజలు తెప్పించి నాటి బ్రిటిషు సర్కారు మన కడప ప్రాంతంలోనే నాటించిన చెట్టిది. చెట్టు సర్కారుది, ముల్లు మాత్రం కూలోళ్ల కాలిది!

మద్దతు ధరల కోసం సాగు ఖర్చు కట్టేటప్పుడు పొలంలో ఇంటిల్లిపాది చేసిన పనికి కూలి లెక్క వేస్తారు. పొయ్యి కిందికి కట్టె తెచ్చి చీల్చినందుకు వేయరు. ఆ పని ఎక్కువగా ఆడవాళ్లదే.

ఈ కష్టం కొంతైనా తగ్గించుకునే మార్గాలు పెద్దలకు తెలుసు, కుర్రకారు కోసం చెబుతున్నాం. సర్కారు తుమ్మ ఎండితే రాయే, పచ్చిమీదనే చీల్చాలి. నేలమీద పెట్టి కొట్టొద్దు. వెడల్పాటి దిమ్మె వేసి, దాని అవతలి అంచున కట్టెను నిలబెట్టి, కాళ్లు ఎడంగా పెట్టి కొడితే గురి తప్పినా గొడ్డలి దిమ్మెలో దిగుతుంది, కాలికి రాదు. నెర్రె ఎటుందో చూసి ఆ వరసనే దెబ్బ వేయాలి. లావు మొద్దును నడిమధ్యన కొడితే గొడ్డలి ఇరుక్కుంటుంది. అంచుల నుంచి పెచ్చులుగా తీసుకుంటూ రావాలి. బుడిపె ఉన్నచోట బలం చూపించొద్దు, ఇనుప చీల పెట్టి సమ్మెటతో కొట్టాలి. పిడి వదులైతే నీళ్లలో నానబెడతారు. అది ఒకపూట ముచ్చటే, ఎండగానే మళ్లీ వదులు. చెక్క చీల బిగించాల్సిందే.

చీల్చినవాటిని రాళ్లమీద గాలాడేట్టు పేర్చాలి. పచ్చికట్టె బరువులో సగందాకా నీళ్లే ఉండొచ్చు. వాటిని ఆవిరి చేయడానికే మంట ఖర్చయి, మిగిలేది పొగ. ఆ పొగ మింగేది పొయ్యి దగ్గరి తల్లి, ఆమె ఒళ్లో బిడ్డ. రెండు కట్టెలు ఒకదానికొకటి కొట్టి చూడండి: టంగుమంటే ఎండినట్టు, దబ్బుమంటే ఇంకా పచ్చి.

గిన్నె అడుక్కు బయట తడి బూడిద పూసి ఎక్కిస్తే మసి సులువుగా పోతుంది. మిగిలిన నిప్పులమీద నీళ్లు చల్లి బొగ్గు దాచుకోవచ్చు. చల్లారిన బూడిదను జల్లించి విత్తనపు కందుల్లో కలిపితే పురుగు తగ్గుతుంది.