ఇలిష్ ఒకరిది, రొయ్య మరొకరిది: కోల్‌కతా ఫుట్‌బాల్ అభిమానం వెనుక కథ

2024 ఆగస్టు 18న కోల్‌కతా సాల్ట్‌లేక్ స్టేడియంలో డ్యూరాండ్ కప్ పోటీల్లో భాగంగా మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ జట్లు తలపడవలసి ఉంది. ఆర్‌జీ కర్ వైద్య కళాశాలలో శిక్షణ పొందుతున్న వైద్యురాలిపై జరిగిన అత్యాచారం, హత్యలతో నగరం అట్టుడుకుతున్న రోజులవి. తగినంత బందోబస్తు కల్పించలేమన్న కారణంతో మ్యాచ్ రద్దయింది. అయినా అభిమానులు వచ్చారు. గ్యాలరీల్లో ఎన్నడూ పక్కపక్కన కూర్చోనివారు స్టేడియం వెలుపల భుజం కలిపి నిలబడి బాధితురాలికి న్యాయం కోరారు. పోలీసులు లాఠీలకు పని చెప్పారు. మహమ్మడన్ స్పోర్టింగ్ అభిమానులు కూడా వారితో గొంతు కలిపారు.

ఆ కలయిక ఎందుకంత అపూర్వమో గ్రహించాలంటే ఈ వైరం మూలాలు తెలియాలి.

వైరానికి బీజం

మోహన్ బగాన్ 1889లో ఏర్పడింది. 1911 జులై 29న ఐఎఫ్ఏ షీల్డ్ ఫైనల్లో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను 2-1 తేడాతో ఓడించింది. ఒక్కరు తప్ప ఆ జట్టువారందరూ వట్టి కాళ్లతోనే ఆడారు. పాలకులను వారి ఆటలోనే జయించిన ఆ రోజు స్వాతంత్ర్యోద్యమ స్మృతుల్లో భాగమైంది.

ఈస్ట్ బెంగాల్ పుట్టుక 1920 ఆగస్టు 1న. జోడాబగాన్ క్లబ్ ఒక మ్యాచ్‌కు శైలేశ్ బోస్‌ను పక్కన పెట్టగా, ఆగ్రహించిన ఉపాధ్యక్షుడు సురేశ్ చంద్ర చౌధురి ఆ క్లబ్‌ను వీడి, మిత్రులతో కలిసి కొత్త క్లబ్‌ను స్థాపించారు. తూర్పు ప్రాంతీయులను చిన్నచూపు చూస్తున్నారన్న బాధ ఆ పేరులోనే ఉంది.

1947 విభజన ఆ బాధకు కొత్త అర్థమిచ్చింది. సర్వస్వం విడిచి వచ్చిన లక్షలాది శరణార్థులకు, పోయిన ఊరి పేరును ధైర్యంగా పలికే చోటు ఈ క్లబ్బే అయింది.

వంటింటి దాకా

పశ్చిమ బెంగాల్ మూలవాసులు 'ఘోటీ'లు, తూర్పు నుంచి వచ్చినవారు 'బాంగాల్'లు. మోహన్ బగాన్ గెలిస్తే ఘోటీల ఇంట రొయ్యల కూర, ఈస్ట్ బెంగాల్ గెలిస్తే బాంగాల్‌ల ఇంట ఇలిష్ చేప. గోదావరి జిల్లాల వారికి పులసగా పరిచయమైన చేపే ఈ ఇలిష్. జట్టు ఇంటి పేరులా తాత నుంచి మనవడికి సంక్రమిస్తుంది.

అయితే ఈ గీత అంత గట్టిది కాదు. మోహన్ బగాన్‌ను జీవితాంతం వీడని చునీ గోస్వామి నేటి బంగ్లాదేశ్‌లోని కిశోర్‌గంజ్‌లో పుట్టారు. సికింద్రాబాద్ సమీపంలోని అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఈస్ట్ బెంగాల్ ఆరాధ్యుడయ్యారు. 1962 ఆసియా క్రీడల్లో భారత్‌కు స్వర్ణం తెచ్చిన జట్టులో ఈ ఇద్దరూ ఉన్నారు. చునీ సారథి, శిక్షకుడు హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. 1997 జులై 13న ఫెడరేషన్ కప్ సెమీఫైనల్లో లక్షా ముప్పై వేలకు పైగా ప్రేక్షకుల ఎదుట ఈస్ట్ బెంగాల్ 4-1తో గెలిచినప్పుడు హ్యాట్రిక్ సాధించిన బైచుంగ్ భూటియా సిక్కిం బిడ్డ. అభిమానం పుట్టుకతో మొదలు కావచ్చు. ఆ పరిధిలోనే ఆగిపోదు.

అభిమానం హద్దు మీరితే

1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఈ రెండు జట్ల మ్యాచ్ సందర్భంగా గ్యాలరీల్లో ఘర్షణ చెలరేగింది. తొక్కిసలాటలో 16 మంది అభిమానులు మరణించారు. ఆట చూడడానికి వెళ్లినవారు ఇంటికి తిరిగి రాలేదు. నాటి నుంచి ఆగస్టు 16ను ఫుట్‌బాల్ ప్రేమికుల దినంగా పాటిస్తూ, మృతుల స్మృతిలో రక్తదాన శిబిరాలు నిర్వహిస్తున్నారు. రక్తమిచ్చే చోట జెర్సీ రంగు ఎవరూ అడగరు.

ఒంటరివాడికి ఒక సమూహాన్ని, ఊరు కోల్పోయినవాడికి ఒక చిరునామాను ఇవ్వడం అభిమానానికి ఉన్న శక్తి. 'మనం' అన్న మాట బలపడేకొద్దీ 'వాళ్లు' అన్న మాట పదునెక్కడం దాని ప్రమాదం. 1980లో కోల్‌కతా ఆ ప్రమాదాన్ని చూసింది. 44 ఏళ్ల తరువాత, అదే ఆగస్టులో, అదే రెండు రంగుల జెర్సీలు ఒకే నినాదం పలికాయి. వైరం సమసిపోలేదు, తరువాతి మ్యాచ్‌కు మళ్లీ ఎవరి గ్యాలరీ వారిదే. అవసరమైన నాడు ఆ గీత దాటగలమని మాత్రం అభిమానులే నిరూపించారు.